హిమభూముల జమాఖర్చు

మా పుట్టినిల్లు కాకినాడకు ఉత్తరముగా ఉప్పాడ తీరమున నున్నది. ఉప్పాడ యనగానే సోదరీమణులకు జాందానీ చీరలు జ్ఞప్తికి వచ్చును. మాకు ముందుగా కెరటముల చప్పుడు వినవచ్చును. మా చిన్నతనమున వీథియరుగుపై నిలిచి చూచినచో సముద్రము సరుగుడుతోపున కావల నొక నీలిగీత. నాయనగారు ఆ యరుగుమీదనే మమ్ము కూర్చుండబెట్టుకొని భారతమును, రఘువంశమును చదివించెడివారు. సరుగుడుతోపు పోయి చాల కాలమైనది. తరువాత బాట పోయినది; కొత్తబాట వేసిరి; అదియు కోతపడినది. ఇప్పుడు మా యింటికిని సముద్రమునకును నడుమ మిగిలినవి రెండు వరుసల యిండ్లు.

నాయనగారు గతించిన పిమ్మట అమ్మ ఆ యింట ఒంటిగా నున్నది. మా అన్నగారు అదే యూర వేఱొక వీథిలో కాపురము. ఈ సంవత్సరము ఉగాది వెళ్లిన వారమున అన్నగారు ఫోను చేసి, "ఇల్లు ఇక నిలువదు. పడగొట్టి అక్కడే డాబా వేయుదము. అమ్మ కదల నంటున్నది. నీ వంతు నీవు సర్దవలెను" అని చెప్పిరి.

మా వంతు అనగా పసుపుకుంకుమల క్రింద అమ్మ మాకిచ్చిన అరయెకరమును అమ్మగా వచ్చిన సొమ్ము. మా అమ్మాయి పైచదువునకై దానిని బ్యాంకులో నుంచితిమి. తల్లికి గూడు కట్టుటకు కూతురు వెనుదీయరాదు. కాని పునాది త్రవ్విన చోటికే పదేండ్లకో యిరువదేండ్లకో నీరు వచ్చునేని ఆ సొమ్ము ఉప్పునీట కలిపినట్లే గదా. వచ్చునా రాదా యని ఎవరి నడుగవలెను? మా వారు పాఠశాలలో లెక్కలు చెప్పువారు, వారి నడిగితిమి. "ముందు ఆ నీరు ఎక్కడిదో తెలిసికొనుము, తరువాత ఇంటి మాట" అనిరి. ఉపాధ్యాయుల భార్యలకు తిన్నని సమాధానము దొరకుట అరుదు.

తెలిసికొనుటకు ముందే చెప్పుట మా లోపము. మా వీథిలోని స్త్రీలము శనివారము సాయంకాలము ఒకరి యింట కూడుదుము. ఆ వారము మేము ధారాళముగా, "ఉత్తరధ్రువముకడ సముద్రముపై తేలుచున్న మంచు ఏటేట కరగిపోవుచున్నది, ఆ నీరే పొంగి మా యూరిమీదికి వచ్చుచున్నది" అని చెప్పితిమి. అందఱును అయ్యో యనిరి. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి మాత్రము ఇల్లు చేరువఱకు నోరు మెదపక, చేరినతోడనే ఒక గాజుగ్లాసులో మంచుముక్కలు వేసి, అంచువఱకు నీరు పోసి, బల్లమీద పెట్టినది. ముక్కలు నీటికి పైన తలలెత్తి యుండెను. "ఇవి కరగిన తరువాత నీరు పొర్లునేమో చూడమ్మా" యనెను. వంట ముగించి వచ్చి చూచితిమి. ముక్కలు లేవు. నీరు అంచుననే యున్నది. గ్లాసునకు వెలుపల పట్టిన చెమ్మ తప్ప ఒక్క చుక్కయు జాఱలేదు. తేలునది తన బరువునకు సరిపడు నీటిని ముందే తొలగించి యుండును; కరగినప్పుడు ఆ చోటులోనే ఒదిగిపోవును. పిమ్మట ఆ పిల్ల అదే గ్లాసుమీద టీ వడపోసెడి జల్లెడ పెట్టి అందులో ముక్కలుంచినది. కొంతసేపటికి నీరు పొర్లి, బల్లమీదుగా పాఱి, మా పద్దుపుస్తకమును తడిపినది.

కావున తేలు మంచు వేఱు, నేలపై నిలిచిన మంచు వేఱు. ఉత్తరధ్రువముకడ నున్నది సముద్రముపై మీగడవలె కట్టిన పెచ్చు. అది తఱుగుట అక్కడి జంతువులకును, మనుష్యులకును పెద్ద కీడే. తెల్లని పెచ్చు పోయి నల్లని నీరు బయటపడినచో ఎండను మఱింత త్రాగును గాన లోకమునకంతకును కీడే. కాని మా అమ్మ గడపను తాకు నీరు దానినుండి రాదు. మఱుసటి శనివారము మా తప్పును మేమే చెప్పుకొంటిమి.

తరువాత రెండు నెలలు మా వారు బడినుండి వచ్చి కాఫీ పుచ్చుకొన్న పిమ్మట, శాస్త్రజ్ఞుల నివేదికలను చదివి మాకు తెలుగున చెప్పుచుండిరి. తడిసి ఆఱిన పద్దుపుస్తకము వెనుక పుటలలో మేము వ్రాసికొంటిమి. అందలి సంగతులే యివి.

నేలపై నిలిచిన గొప్ప మంచుపలకలు నేడు భూమిమీద రెండే. హిమాలయాది పర్వతముల మంచు వీనియెదుట కొంగున కట్టిన చిల్లర. మొదటిది ఉత్తరమున గ్రీన్లాండు; 17 లక్షల చదరపు కిలోమీటర్ల మంచు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు రెండును కలిపిన దానికి ఆఱు రెట్లు. రెండవది దక్షిణధ్రువమున అంటార్కిటికా. సుమారు 1 కోటి 40 లక్షల చదరపు కిలోమీటర్లు, అనగా ఏబది రెట్లు. గ్రీన్లాండు నడుమ మంచు లోతు 3 కిలోమీటర్లు దాటును. అంటార్కిటికాలో కొన్నిచోట్ల నాలుగున్నర కిలోమీటర్లు మించును. గ్రీన్లాండు మంచంతయు కరగినచో ప్రపంచమునందలి సముద్రములు 7 మీటర్లకు పైగా లేచును. అంటార్కిటికా మంచంతయు కరగినచో సుమారు 58 మీటర్లు. అందులకు వేలకొలది యేండ్లు పట్టును గాన మూటలు కట్టుకొని పరుగెత్తవలసిన మాట కాదు. కొట్టులో నిలువ ఎంతయో తెలియక జమాఖర్చు చూచుట యెట్లని చెప్పుచున్నాము.

ఈ నిలువకు రాబడి ఒక్కటే: ఆకాశమునుండి రాలు హిమము. రాలినది వేసవిలో కరగక మిగిలి, ఏటిమీద నేడు పేరుకొని, పైపొరల బరువునకు అడుగుపొరలు అణగి గట్టిపడును. నడుమ చిక్కిన గాలి చిన్న చిన్న బుడగలై నిలిచిపోవును. అంటార్కిటికా లోపలిభాగమున లోతుగా తొలిచి తీసిన మంచుకడ్డీలయందు 8 లక్షల యేండ్ల గాలి వరుసగా దొరకినది. ఆ యేండ్లన్నిటిలో పది లక్షల పాళ్ల గాలియందు బొగ్గుపులుసు వాయువు 300 పాళ్లు మించి యెన్నడును లేదు. నేడు 420 దాటినది. మా అత్తవారింటి పాతపద్దులను నలువదేండ్లకే చెదలు తినినవి. ఆ మంచుపుస్తకము మాత్రము అక్షరము చెడక నిలిచినది.

ఇక వ్యయము. మంచు గట్టిగా కనబడునేకాని నిలుకడగా నుండదు. జారుగా రుబ్బిన పిండిని పళ్లెమున పోసినచో నలుదెసలకు జరిగినట్లు, తన బరువునకు తానే అంచులకు మెల్లగా జరుగుచుండును. అంచున కొంత కరగి ఏఱులై పోవును. కొంత మంచుకొండలై విఱిగి సముద్రమున పడును. కొంత అడుగుననే సముద్రజలమునకు కరగును. ఇది దోషము కాదు. అంటార్కిటికాలో ఏడాదికి రాలు హిమము సుమారు 2 లక్షల కోట్ల టన్నులు. అంతయు అంచులనుండి వెడలిపోయినంతకాలము సముద్రము పెరుగదు, తఱుగదు. వచ్చినది వచ్చినట్లు ఖర్చై నిలువ కదలని సంసారమువంటిది అది.

మమ్ము ఆశ్చర్యపఱచిన సంగతి యిచ్చట నున్నది. లోకము వేడెక్కినచో ఆ రాబడి తగ్గునని మే మనుకొంటిమి. తగ్గదు, పెరుగును! గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 పాళ్లు ఎక్కువ తేమను మోయగలదు. అంటార్కిటికా నడిబొడ్డు మహాశీతలమైన యెడారి. అక్కడ ఏడాదికి రాలు హిమమును నీరుగా కొలిచినచో 5 సెంటీమీటర్లైన నుండదు. అట్టిచోటికి తేమతో కూడిన గాలి చేరినచో మంచు హెచ్చుగా కురియును. మన దేశపు మైత్రి స్థావరమున్న ప్రాంతమును క్వీన్ మాడ్ లాండు అందురు. అక్కడ 2009, 2011 సంవత్సరములలో అనుకోనంత హిమము పడి, కొంతకాలము ఆ ప్రాంతపు నిలువ పెరిగెను. 2022 మార్చి నెలలో సముద్రముమీదినుండి వెచ్చని తేమగాలి నదివలె తూర్పు అంటార్కిటికాలోనికి చొరబడెను. లోపలనున్న కాంకోర్డియా స్థావరమున ఆ కాలపు సగటుకంటె వేడిమి సుమారు 38 డిగ్రీలు హెచ్చినది. హెచ్చినను అది సున్నకు 11, 12 డిగ్రీలు దిగువనే! కావున ఆ గాలి తెచ్చినది కరగుదల కంటె హిమమే యెక్కువ. అయితే ఆ నెలలోనే, ఆ తీరముననే, కాంగర్ అను మంచుటరుగు సుమారు 1,200 చదరపు కిలోమీటర్లు ముక్కలై పోయెను. ఒకే చేతితో పెట్టి, ఆ చేతితోనే తీసికొనినట్లున్నది.

"అక్కడ మంచు పెరుగుచున్నదట, ఇదంతయు వట్టి బెదిరింపట" అని మా శనివారపు కూటములో నొకామె యనగా మాకు కోపము రాలేదు. ఆమె విన్నది అబద్ధము కాదు. జమ పుట మాత్రమే విన్నది. జీతము పెరిగిన యేడే అప్పు పెరిగిన సంసారములను మేము రెండు మూడెఱుగుదుము. (అందొకటి మా సొంతబంధువులది గాన వివరింపము.)

ఖర్చు పుట రెండుచోట్ల రెండు తీరులుగా నున్నది. గ్రీన్లాండున ఎండ ప్రధానము. కొత్తగా కురిసిన హిమము తనపై పడిన వెలుగులో పదింట ఎనిమిది తొమ్మిది పాళ్లు త్రిప్పికొట్టును. తడిసినచో రంగు మాయును. హిమము పోయి అడుగునున్న ముదురుమంచు బయటపడినచో మఱింత మాయును. మాసిన చీర ఎండకు వేగముగా కాగినట్లు, అది ఎండను త్రాగి యింకను కరగును. కరగిన నీరు నీలపు మడుగులుగా నిలిచి, పగుళ్లు దొరకినచోట ఒక్కసారిగా అడుగువఱకు దూకును. 2012 జూలై నెలలో నాలుగు దినముల వ్యవధిలో ఆ పలక పైభాగమున నూటికి 97 పాళ్లు కరగుదల కనబడెను. 2021 ఆగస్టు 14వ తేదీన 3,200 మీటర్ల యెత్తున నున్న శిఖరస్థావరమున వాన కురిసినది. అక్కడ మనుష్యులు లెక్కలు వ్రాయ మొదలిడిన తరువాత వాన పడుట అదే మొదలు. మఱియొక చిక్కు: మంచు కరగినకొలది పలక యెత్తు తగ్గును, దిగువగాలి పైగాలి కంటె వెచ్చన గాన ఇంకను కరగును. అసలు తిన్న వడ్డీవంటిది.

1992 మొదలు 2018 వఱకు గ్రీన్లాండు పోగొట్టుకొన్నది 3 లక్షల 90 వేల కోట్ల టన్నులు. అందు సగము పైన కరగుటచేతను, సగము హిమనదములు వేగముగా సముద్రమునకు జాఱుటచేతను పోయినది. ప్రతియేడు ఒకే తీరున పోలేదు. పడమటితీరమున ఇలులిస్సాట్ పట్టణముకడ నున్న గొప్ప హిమనదము, 2016 తరువాత అక్కడి సముద్రజలము కొంత చల్లబడగా, కొన్నియేండ్లు వేగము తగ్గించి మందమెక్కెను. చూచినవారు ఊరటపడిరి. కాని మొత్తము పలకకు 2019వ సంవత్సరము మహానష్టము తెచ్చినది; ఆ యొక్కయేటనే 53 వేల కోట్ల టన్నులు!

అంటార్కిటికాలో ఎండ చేయునది స్వల్పము. అక్కడ దొంగ దొడ్డిదారిని వచ్చును. ఆ ఖండమునుండి జాఱిన మంచు తీరము దాటి, నేలను విడువక, సముద్రముపై అరుగువలె చాచుకొని తేలును. ఆ యరుగు కరగినను సముద్రము పెరుగదని మా అమ్మాయి గ్లాసే చెప్పినది. కాని దాని ప్రయోజనము వేఱు. వెనుకనున్న హిమనదములకు అది తలుపునకు వేసిన అడ్డగడియ. 2002వ సంవత్సరమున లార్సెన్-బి అను నట్టి యరుగు, 3,250 చదరపు కిలోమీటర్లది, సుమారు నెలదినములలోనే పగిలి చెదరిపోయెను. అది పోవుటచేత పెరిగిన నీరు లేదు. అయితే అది పోయిన యేడాదిలోపల దాని వెనుకనున్న కొన్ని హిమనదముల వేగము ఎనిమిది రెట్లైనది. తలుపు పోయినందుకు కాదు, తలుపు పోయిన తరువాత ఇంటిలోని సామాను పోయినందుకు ఏడ్వవలెను.

ఆ గడియను అడుగునుండి అరగదీయుచున్నది వెచ్చని సముద్రజలము. వెచ్చన యనగా మన వెచ్చన కాదు. ఒకటి రెండు డిగ్రీలే. ఉప్పునీటిలో, లోతున, మంచు సున్నకు దిగువనే కరగును గాన ఆ యొకటి రెండు డిగ్రీలే దానికి కాగిన నూనె. పడమటి అంటార్కిటికాలో థ్వైట్స్ అను హిమనదమొకటి కలదు. దాని వెడల్పు 120 కిలోమీటర్లు; అనగా కాకినాడనుండి విశాఖపట్టణము దారిలో చాలదూరము పోవలెను. అది కూర్చున్న నేల సముద్రమట్టమునకు చాల దిగువ. పైగా లోపలికి పోయినకొలది నేల పల్లమగును. కావున ఒక్కమారు వెనుకకు తగ్గ మొదలిడినచో కాలూననిచ్చు మెట్ట దొరకుట కష్టము. అది యొక్కటి పోయినచో సముద్రము 65 సెంటీమీటర్లు పెరుగునని లెక్క.

ఇంత మంచును తూచినవారెవరు, ఏ త్రాసున, అని మేమడిగితిమి. ఈ భాగము మాకు మిక్కిలి నచ్చినది. 2002 మార్చిలో రెండు ఉపగ్రహములను జంటగా విడిచిరి. పేరు గ్రేస్. ఒకదానివెనుక నొకటి, నడుమ సుమారు 220 కిలోమీటర్ల యెడముతో భూమిచుట్టు తిరుగును. క్రింద బరువైన మంచుగుట్ట వచ్చినప్పుడు ముందుపోవుదాని నది ముందుగా లాగును, యెడము పెరుగును, తరువాత వెనుకదానిని లాగును, యెడము తగ్గును. ఆ భేదము తలవెండ్రుక మందములో పదవ వంతైనను కనిపెట్టగలవు. నెలనెల కొలిచినచో ఏ ప్రాంతమెంత తేలికయైనదో తెలియును. పూర్వపు మహాహిమయుగమున అణగిన నేల నేటికిని మెల్లగా లేచుచున్నది గాన, నేతిగిన్నె బరువు తీసివేసినట్లు దానిని తీసివేయుదురు. ఆ జంటకు శాస్త్రజ్ఞులు పెట్టుకొన్న ముద్దుపేరు టామ్, జెర్రీ. ఇది చెప్పగా మా అమ్మాయి తండ్రి మాటను మొదటిసారి నమ్మనన్నది. ఆ జంట 2017తో పని ముగించినది. 2018 మే నెలలో వాని స్థానమున మఱియొక జంట వెళ్లినది. వేఱు ఉపగ్రహములు కాంతికిరణముతో ఎత్తును, రేడియో తరంగములతో మంచు నడకను కొలుచును. మూడు లెక్కలు సరిపోయిననే పద్దు మూయుదురు.

ఆ దేశమున మనవారి పాదములును పడినవని సోదరీమణులు తెలిసికొనవలెను. 1983లో బయలుదేఱిన మూడవ భారతయాత్రలో భూగర్భశాస్త్రజ్ఞురాలు సుదీప్తా సేన్‌గుప్తా, సముద్రశాస్త్రజ్ఞురాలు అదితి పంత్ అను నిద్దఱు స్త్రీలు అంటార్కిటికా చేరిరి. మన దేశపు స్త్రీలలో వారే మొదటివారు. ఇస్రో ఉద్యోగిని మంగళా మణిగారు 2016 నవంబరులో భారతి స్థావరమునకు పోయి 403 దినములుండిరి. ఇరువదిముగ్గురున్న ఆ బృందమున స్త్రీ ఆమె యొక్కతెయే. అప్పటి కామె వయస్సు ఏబదియాఱు. ఆ స్థావరమున ఉపగ్రహములనుండి పట్టిన సమాచారము హైదరాబాదు చెంతనున్న షాద్‌నగరమునకు వచ్చును. ఆమె సంగతి చదివిన దినమున మేము మోకాలినొప్పిని గూర్చి ఎవరితోను మాటలాడలేదు.

మొత్తము తీసిన లెక్క యిది. 1992 మొదలు 2020 వఱకు రెండు పలకలును కలిసి 7 లక్షల 56 వేల కోట్ల టన్నులు పోగొట్టుకొన్నవి. ప్రతి 36 వేల కోట్ల టన్నులకు సముద్రము 1 మిల్లీమీటరు లేచును. కావున 21 మిల్లీమీటర్లు. పద్దు వ్రాయుచు మేము కలము దించి బొటనవ్రేలి కణుపు కొలిచికొంటిమి. అంతేనా! ఇంతకేనా మా తోపు, మా బాట పోయినవి?

మా వారు తొందరపడవద్దనిరి. 1901 నుండి 2018 వఱకు సముద్రము మొత్తము 20 సెంటీమీటర్లు పెరిగినది. 1971 తరువాతి పెరుగుదలలో సగము, వేడికి నీరే ఉబ్బుటవలన కలిగినది. పర్వతములమీది మంచు, ఈ పలకలు చెఱి యొక అయిదవ వంతుగా కలిపినవి. అయితే పలకల వంతు నిలుకడగా లేదు; 1992–1999 నడుమ పోయినదానికంటె 2010–2019 నడుమ పోయినది నాలుగు రెట్లు. ఇక మా తీరపు కోతకు సముద్రమొక్కటే కారణము కాదు. నదులు తేవలసిన యిసుక ఆనకట్టలవెనుక ఆగుచున్నది. తీరమున కట్టిన కట్టడములు ఇసుక నడకను మార్చుచున్నవి. ఇసుక రాక బక్కచిక్కిన యొడ్డుమీదికి, ఆ కొన్ని సెంటీమీటర్ల యెత్తు నెక్కి తుపాను కెరటము వచ్చును. చదునైన తీరమున నిలువున వ్రేలెడు పెరిగినచో అడ్డముగా ఎంతో దూరము ప్రాకును. తప్పంతయు మంచుపై వేయుట న్యాయము కాదు. మంచును విడిచిపెట్టుటయు న్యాయము కాదు.

మఱియొక సంగతి మాకు నిద్ర లేకుండ చేసినది. గ్రీన్లాండు మంచు కరగినచో గ్రీన్లాండు తీరమున సముద్రము పెరుగవలెను గదా? పెరుగదు; తగ్గును. అంత గొప్ప మంచురాశి తన బరువుచేత చుట్టునున్న నీటిని తనవైపు లాగుకొని యుండును. రాశి తఱిగినకొలది పట్టు సడలి ఆ నీరు దూరతీరములకు పోవును. పైగా బరువు తగ్గి అక్కడి నేలయు లేచును. కావున సమీపమున సముద్రము దిగి, దూరమున సగటుకంటె కొంచెము హెచ్చుగా లేచును. దూరమున నున్న మనము సగటుకంటె హెచ్చు పంచుకొనువారిలోని వారము. ఆ మంచును కన్నుల చూడని మత్స్యకారుల యింటికి, నేతగాండ్ర గుంటమగ్గములకు బిల్లు వచ్చుట యెట్టి లెక్కయో లెక్కల మాస్టరుగారును చెప్పలేకపోయిరి.

నాయనగారు అరుగుమీద చెప్పిన కథ మాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. అగస్త్యుడు సముద్రమును త్రాగెను; అది మఱల నిండుటకు భగీరథుడు గంగను తేవలసివచ్చెను. త్రాగిన నీరంతయు ఏమైనదని మేమడుగగా, "అరిగిపోయినదమ్మా" అని నాయనగారు నవ్విరి. ఇరువదివేల యేండ్ల క్రిందట మహాహిమయుగమున సముద్రము నేటికంటె సుమారు 120 మీటర్లు దిగువ నుండెనట. ఆ నీరంతయు నేలమీద మంచై నిలిచియుండెను. లక్ష యిరువదియైదువేల యేండ్ల క్రిందట, లోకము పారిశ్రామికయుగమునకు ముందున్న దానికంటె డిగ్రీ యటునిటుగా వెచ్చనై యున్నకాలమున, సముద్రము నేటికంటె 5 నుండి 10 మీటర్ల యెత్తున నుండెనట. అప్పుడది వేల యేండ్లమీద జరిగినది. ఇప్పుడు గాలిని వేడెక్కించుచున్నది మనుష్యుడు, వేగము వేఱు.

ఇక ఇంటి మాట. ఈ శతాబ్దారంభపు మట్టముకంటె సముద్రము 2050 నాటికి సుమారు 20 సెంటీమీటర్లు పెరుగును; ఏమి చేసినను ఇందులో తప్పించుకొనగలది కొద్దియే. 2100 నాటికి 30 సెంటీమీటర్లగునో, మీటరగునో, బొగ్గును నూనెను మనుష్యులెంత కాల్చుదురో దానినిబట్టి యుండును. పలకలు మఱింత తొందరపడినచో అంతకు మించుటయు కాదనలేమని శాస్త్రజ్ఞులు వ్రాసిరి. మే మన్నగారికి ఫోనులో చెప్పితిమి: "మా వంతు పూర్తిగా సర్దుదుము. కాని ఆ చోట కాదు. రెండు మూడు కిలోమీటర్లు లోపలికి, మెట్టనేలపై కట్టుడు." అన్నగారు కొంతసేపు మాటలాడక, "అమ్మకు నీవే చెప్పు" అనిరి.

చెప్పితిమి. అమ్మ, "మీ నాయన కూర్చున్న అరుగు వదిలి నేను రాను. ఎక్కడో మంచు కరిగితే నేనిల్లు మారడమేమిటే?" అని ఫోను పెట్టివేసినది. జ్యేష్ఠమాసమంతయు మాతో మాటలాడలేదు. మాకు అన్నము సయించలేదు. పెండ్లియైన యీ పదునెనిమిదేండ్లలో అమ్మ మాటకు అడ్డు చెప్పుట యిదియే మొదలు. ఆ యరుగుమీద చదువు నేర్చినవారము మేము. అరుగు విడువుమని చెప్పినవారమును మేమే.

ఆషాఢమున మా వారే ఫోను చేసి, అత్తగారికి మంచుపలకల రాబడి, ఖర్చు, నిలువ తాపీగా వివరించిరి. నాయనగారి చాలీచాలని రాబడితో నలువదేండ్లు సంసారము నడిపిన మనిషి గాన అమ్మ అడ్డురాక వినెను. తుదకు, "పద్దు ఎవరు రాస్తున్నారు బాబూ, నమ్మకమైనవాళ్లేనా?" అని మాత్రము అడిగినదట. టామ్, జెర్రీల సంగతి మా వారు చెప్పలేదు.

కొత్తచోటున శ్రావణమున శంకుస్థాపన జరిగినది. అమ్మ రాలేదు. వత్తునని గాని రానని గాని నేటివఱకు చెప్పలేదు. పాతయింటి అరుగును మొన్ననే అలికించినదని అన్నగారు చెప్పిరి. కాని ఆదివారములలో మఱల ఫోను చేయుచున్నది. మనుమరాలి చదువు, అల్లునిగారి దగ్గు, అన్నియు విచారించిన పిమ్మట, "అక్కడ ఈ వారం మంచు పడిందా?" అని అడుగును. మా అమ్మాయి వెదకి చెప్పును. పోయిన ఆదివారము, బాగుగా పడినదని చెప్పితిమి.

"సరే, పోయిందెంత?" అనెను అమ్మ.